చూడకుండా వేసిన ఓట్లు

టైపు మాస్టారికి ఆ ఉదయం ఒకటే పని. ఊళ్లో మొక్కల సంఘం పెట్టిన మేడతోటల పోటీకి సాయంత్రం ఓట్లు ముగుస్తాయి. ఇంట్లో కంప్యూటరు తెరిచి భార్య తోటకి ఓటు వెయ్యాలి. మూడేళ్లుగా ఎదురింటి నర్సమ్మే మొదటి బహుమతి ఎగరేసుకుపోతోంది. ఈసారీ ఓడిపోతే మొక్కలన్నీ పంచిపెట్టి చేతులు కడుక్కుంటానని భార్య తెగేసి చెప్పింది. నిన్నటికి ఇద్దరూ సరిసమానంగా ఉన్నారు.

పేజీ తెరవగానే పైన మొదటి ఫొటో భార్య తోటదే. మాస్టారు నొక్కారు. ‘ధన్యవాదాలు. ఒక కంప్యూటరుకి ఒకటే ఓటు’ అంది తెర. ఆయన మనసు ఊరుకోలేదు. సైట్లు మన కంప్యూటరులో వదిలే గుర్తులు, అవే కుకీలు, తుడిచేస్తే సైటుకి మనమెవరమో గుర్తుండదని ఎప్పుడో ఒక శిష్యుడు చెప్పాడు. తుడిచి మళ్లీ తెరిచారు. సైటు ఆయన్ని ఎన్నడూ ఎరగనట్టే పలకరించింది. మాస్టారికి సంతోషంతో కాళ్లు నేలమీద నిలవలేదు.

ఇక ఆ వేళ్లకి పూనకం వచ్చింది. తుడవడం, తెరవడం, మొదటి ఫొటోకి ఓటు వెయ్యడం. ‘చూడకుండా కొట్టడమే విద్య’ అని ముప్పై ఏళ్లు పిల్లలకి నూరిపోసిన మనిషి. కీబోర్డు సంగతి సరే, ఇప్పుడు తెర కూడా చూడటం లేదు. భార్య మేడ దిగి వస్తుందేమోనని చూపంతా మెట్ల మీదే పెట్టారు.

మధ్యాహ్నం కూతురు వచ్చి కూర్చుంది.

"నాన్నా, నా మెయిలు పాస్‌వర్డ్ అడుగుతోందేంటి? అమ్మ ఆన్‌లైన్‌లో కొనడానికి ఎంచి పెట్టుకున్న విత్తనాలు కూడా పోయాయి."

"కాస్త దుమ్ము దులిపానమ్మా."

"ఎన్నిసార్లు?"

మాస్టారు ఫ్యాను వైపు చూశారు. కూతురు కూపీ లాగి, ఆయనచేత అంతా కక్కించింది.

"అన్ని ఓట్లూ అమ్మకే పడ్డాయా?"

"మొదటి ఫొటో అమ్మదే కదా."

"మొదటిసారి అమ్మదే. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా సైటు ఫొటోల వరుస మార్చేస్తుంది. తుడిచిన ప్రతిసారీ మీరు కొత్తవాళ్లే నాన్నా."

ఒకసారి తుడిచి చూపించింది. పైన నర్సమ్మ గులాబీలు విరగబూసి ఉన్నాయి. మాస్టారు గబుక్కున ముందుకొచ్చారు. "జరుగు, ఈసారి చూసే వేస్తా" అంటూ కుర్చీలోకి దూరబోయి, కంగారులో ఆ గులాబీల మీదే నొక్కేశారు.

అప్పుడే భార్య మేడ దిగి వచ్చింది. "జరగండి, మన ఓటు నేనే వేస్తా."

‘మీ ఓటు పడింది’ అంది తెర.

"నేనే వేశాను, నీకే" అన్నారు మాస్టారు.

"ఇంకోసారి తుడిచి వేద్దామా అమ్మా?" అంది కూతురు.

"దొంగ ఓటుతో గెలవాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు."

సాయంత్రం ఫలితాలొచ్చాయి. ఎండిన కుండీ ఫొటో పెట్టిన పోస్టుమాన్‌కి మూడో బహుమతి. భార్యకి రెండోది. నర్సమ్మ ఒక్క ఓటు తేడాతో గెలిచింది. గులాబీ కుండీ చంకనెత్తుకుని ఆవిడే పరుగున వచ్చింది.

"వదినా, మా ఇంట్లో కంప్యూటరే లేదు. ఇవాళ ఒక్కరోజే అన్ని ఓట్లు వేసి నాకోసం ఇంత కష్టపడిందెవరో గానీ, ఆ చేతులు చల్లగా ఉండాలి."

భార్య మెల్లగా భర్త వైపు తిరిగింది.

ముప్పై ఏళ్లలో మొదటిసారి మాస్టారు కీబోర్డు మీంచి చూపు తిప్పలేదు.