ముందే బయల్దేరిన సంచి

శుక్రవారం పూట ఆడపిల్లను ఇంట్లోంచి పంపడమేమిటని నేత్రావతి వారం నుంచీ మండిపడుతూనే ఉంది. పైగదిలో అద్దెకున్న మార్తాది పోలండ్. దేశమంతా చూడాలని వచ్చి, బెంగళూరు శివారులోని చందాపుర మీద మనసు పడి ఇక్కడే ఆగిపోయిన పిల్ల. ఆ రాత్రితో వీసా గడువు ముగుస్తుంది. సాయంత్రం విమానం. బెంగళూరు ఈ కొసనుంచి ఆ కొసకు పోవాలి కాబట్టి ఇల్లు కదలాల్సిన వేళ సరిగ్గా రాహుకాలం. వీసాలిచ్చేవాళ్ల ఇళ్లల్లో క్యాలెండర్లు ఉండవా అన్నది నేత్రావతి ప్రశ్న.

దానికి ఆమె ఒక ఉపాయం చేసింది. మంచి వేళ బయల్దేరడం కుదరకపోతే, ప్రయాణమయ్యేవారి వస్తువొకటి ముందుగానే మంచి వేళలో పక్కింట్లో పెట్టాలి. అదే పరస్థానం. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఆ శుక్రవారం పొద్దున్నే మార్తా స్నానంలో ఉండగా, పైకి శాలువా కనిపిస్తున్న పచ్చ గుడ్డసంచిని తీసుకెళ్లి పక్కింటి కదిరమ్మకు అప్పగించింది. అందులో ఉన్నవి బట్టలే కదా అనుకుంది. అయినా మనసు ఊరుకోక, "దీనిమీంచి కన్ను తియ్యొద్దమ్మా" అని ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చింది.

టిఫిన్ వేళకు పైనుంచి ఏడుపు వినిపించింది. ఎవరూ పట్టించుకోలేదు. కరివేపాకు మొక్కకూ, పూలామెకూ, వీధి ఆవుకూ వీడ్కోలు చెబుతూ మార్తా తెల్లారినప్పటి నుంచీ ఏడుస్తూనే ఉంది. చివరికి కొడుకు హేమంత్‌కుమార్ పైకి వెళ్లొచ్చి, పాస్‌పోర్టు కనబడటం లేదన్నాడు.

నేత్రావతి జరగబోయేదంతా వేళ్లమీద లెక్కపెట్టింది. పాస్‌పోర్టు లేకపోతే విమానం లేదు. రాత్రి దాటితే పోలీసులొస్తారు. అద్దెకిచ్చిన పాపానికి తమనూ తీసుకుపోతారు. నిన్న పైగదికి బట్టలిచ్చి వెళ్లింది ఇస్త్రీ నరసింహప్ప ఒక్కడే అని ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. భర్త వెంకటరాయప్ప వద్దంటున్నా వినకుండా కబురు పంపింది. నరసింహప్ప ఇస్త్రీపెట్టె వదిలేసి, సగం వీధిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"జేబుల్లో మర్చిపోయిన చిల్లర గూడా తెచ్చిచ్చినోణ్ణి నేను. నామీదనామ్మా అనుమానం?"

అది దొరికేదాకా గడప దిగనని అక్కడే కూర్చున్నాడు. కాసేపటికి కూర్చోలేక తానూ వెతకసాగాడు. పరుపులు లేచాయి, బియ్యం డబ్బా బోర్లాపడింది. అప్పటికి గానీ హేమంత్‌కు అసలు ప్రశ్న తోచలేదు. ఎందులో పెట్టావని మార్తాను అడిగాడు.

"పచ్చ సంచి. శాలువా కింద," అంది మార్తా.

అందరూ సంచి కోసం వెతకబోయారు. నేత్రావతి మాత్రం కదల్లేదు.

"ఆ సంచి ఎప్పుడో బయల్దేరింది," అంది గోడవైపు చూస్తూ.

కదిరమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే ఊరి నడుమ బళేపేట బజారులో ఉన్నానంది. వెళ్లిపోయే పిల్లకు గాజులు కొంటోందట. సంచి ఏదని అడిగేసరికి ఆమెకు కోపం వచ్చింది.

"కన్ను తియ్యొద్దని నువ్వే అంటివి గదక్కా. అందుకే చంకలో పెట్టుకోని తిరుగుతా ఉండా."

కారు రాహుకాలంలోనే కదిలింది. పాస్‌పోర్టును గుడ్డసంచిలో పెట్టుకునేవాళ్లను దేశాలు ఎలా తిరగనిస్తారో అని నేత్రావతి దారంతా ధుమధుమలాడింది. ఆ సంచి తీసిందెవరమ్మా అని అడిగినందుకు కొడుకుతో మాటలు మానేసింది.

బళేపేటలో గాజుల కొట్టు ముందు కదిరమ్మ ఎదురుచూస్తోంది. శాలువా కింద పాస్‌పోర్టు భద్రంగా ఉంది. గాజులు తొడుగుతుండగా హేమంత్ పరస్థానం సంగతంతా మార్తాకు విడమరిచి చెప్పాడు. ఆ పిల్ల ఒక్క మాటన్నా తిరిగి అనడానికి నేత్రావతి నాలుగు మాటలు సిద్ధం చేసుకుని నిలబడింది.

మార్తా సంచిలోంచి శాలువా తీసి కదిరమ్మ చేతిలో పెట్టింది.

"ఇది మీ ఇంట్లో పెట్టండి. నేను మళ్లీ వచ్చే ప్రయాణం, ఇప్పుడే మొదలు."

ఆ నాలుగు మాటలూ మరచి నేత్రావతి ఈ ఊరి పొగకు కళ్లు మండుతున్నాయని విసుక్కుంటూ కొంగుతో ఒత్తుకుంది. విమానం అందింది.

కానీ శాలువా చేతులు మారిన వేళ ఇంకా రాహుకాలమే. అది తలచుకుని ఆ రాత్రి నేత్రావతికి నిద్ర పట్టలేదు. మర్నాడు మంచి వేళ చూసుకుని, శాలువాను కదిరమ్మ దగ్గర అడిగి తీసుకుని, నరసింహప్ప ఇంట్లో పెట్టి వచ్చింది. కన్ను తియ్యొద్దని మాత్రం చెప్పలేదు.