పదమూడో నంబరు ట్రామ్ దిగ్విజయం

లిమ్మత్ నదీతరంగ శీకరశీతలమై, గంటస్తంభాల ఘంటారవంతో సాక్షాత్తు కాలపురుషునికే సమయపాలన నేర్పే జ్యూరిక్ మహానగరంలో, మంచు కరిగీ కరగని ఒక శనివారం ఉదయాన, ఒకప్పటి ట్రామ్‌రథసారథ్య ధురంధర, ప్రస్తుతం విశ్రాంత వనిత అయిన రేగులా ఎగ్లి వంటింటి బల్లనే రణరంగం చేసుకొని, కుడిచేతి చూపుడువేలిని ఆయుధంగా ఎత్తింది.

పేకముక్కంత అట్టమీద స్వహస్తాలతో బొమ్మలు చేసి, అమ్మక, కొనక, ఒకరితో ఒకరు మార్చుకొనే రసికుల సభ ఆ మధ్యాహ్నమే. అక్కడ ఆమె కార్డు పుచ్చుకోనివాడు ఒక్కడే, గడియారాల మరమ్మతుదారు ఆల్విన్ ష్టూడర్. సూక్ష్మకళాగర్విష్ఠుడైన అతడు ఆమె కార్డు చూసినప్పుడల్లా తన పెట్టె మూత టప్పున మూసేవాడు. ఆ చప్పుడు ఆమె గుండెలో పిడుగై పడేది.

తాను నడిపిన ట్రామ్ ఫొటో నకలును జిగురు పూసిన అట్టపై బోర్లా అతికించి, ముందురోజే ఆరబెట్టింది. ఇప్పుడు తడిపి, వెనుక కాగితాన్ని రుద్ది ఊడదీయాలి. సిరా మాత్రం అట్టపై నిలవాలి. గట్టిగా రుద్దితే బొమ్మే పోతుంది, మెల్లగా రుద్దితే తెల్లపొర పోదు.

"ఓరి ధవళపటలాధమా, నా రథాన్ని కప్పి దాగినవాడా, ఈ తర్జనీఘాతానికి తుత్తునియలై రాలుము" అని అంతరంగంలో గర్జించి ఆమె విజృంభించింది.

"అక్కా, ఇంకా గోకుతున్నావా? బంగాళాదుంపల రోష్టి చల్లారిపోతోంది," అంది చెల్లెలు ఫ్రెని.

"చల్లారనీ. బల్ల కదపకు."

"ఆ ఆల్విన్ పుచ్చుకోకపోతే కొంపేం మునుగుతుంది?"

"మునగదు. నాకు నిద్ర పట్టదు, అంతే."

చివరి పొర ఊడింది. నీలకాంతులతో ట్రామ్ ప్రకాశించింది. ఫ్రెని తొంగిచూసి, "నంబరు అద్దంలోలా తిరగబడిందేంటి?" అంది.

నకలు తీసేటప్పుడే బొమ్మను తిప్పి తీయాలన్న సంగతి ఆ వీరాంగన మరచింది. మరొకటి చేసే వ్యవధి లేదు. అభిమానధన కనుక అదే పట్టుకొని సభకు నడిచింది.

ఆల్విన్ భూతద్దం పెట్టి చూశాడు. "రేగులా, నీ ట్రామ్ వెనక్కి పోతోంది." సభంతా కిసుక్కుమంది.

"నీకోసమే," అంది ఆమె తొణకక. "రోజూ నేను తలుపులు మూశాకే కదా గొడుగు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడివి? అప్పుడు ఆపలేకపోయాను. ఇదిగో, వెనక్కి తెచ్చాను. ఎక్కు."

ఆల్విన్ చెవులు ఎర్రబడ్డాయి. భూతద్దం దించాడు.

"టికెట్టు?"

"నీ కార్డొకటి."

పెట్టె మూత తెరుచుకుంది. ఈ ప్రకారంగా తర్జనీమాత్ర సహాయ రేగులా ఎగ్లి దుర్భేద్యమైన ఆ దుర్గాన్ని భేదించి, అరచేతిలో ఇమిడే సామ్రాజ్యాన్ని కోటు జేబులో వేసుకొని, అతిలోక విజయగర్వంతో ఇంటికి పోయి చల్లటి రోష్టి తిన్నది.