పన్నెండు వోల్టుల పరువు

విశ్వకర్మ పూజనాడు గవరయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారకముందే వ్యాను కడగాలి. కొత్త కెపాసిటరు బిగించాలి. మెటియాబ్రుజ్ వెళ్ళి విగ్రహాన్ని ఎక్కించుకుని, పాటలు మోగించుకుంటూ గార్డెన్ రీచ్‌లో తమవాళ్ళ షెడ్డుకి చేర్చాలి. టిఫిను వేళకి ఇంట్లో ఉండాలి. ఇందులో కష్టమేమీ లేదు. గవరయ్య జీవితంలో చెడిపోయిన పనులన్నీ కష్టం లేనివే.

గవరయ్య ఆ బెంగాలీ నగరపు ఓడరేవు డాకులో బరువులెత్తే వించి నడుపుతాడు. డాకు తెలుగువాళ్ళ పూజకి ఏటేటా విగ్రహం వచ్చేది ఆయన పాత మారుతి వ్యానులోనే. మిగతా రోజుల్లో ఆయన ఎత్తేది పెట్టెలు, దించేది బస్తాలు. ఆ ఒక్క పూట మాత్రం దేవుడికి సారథి. నిరుడు ఆ సారథి పరువు నడిరోడ్డున దిగిపోయింది. పాటలో డప్పు దెబ్బ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు కన్ను కొట్టాయి, గాయకుడి గొంతు బొంగురుపోయింది, షెడ్డు కనబడక ముందే పాటకి పాడె కట్టాల్సి వచ్చింది. దేవుడు మౌనవ్రతంలో ఊరేగాడు.

గవరయ్య భార్య సన్యాసమ్మ తమ్ముడు సుందర్‌కి లారీ ఉంది, లారీ మీద చూరు ఎత్తున పాటల బాక్సులున్నాయి, నోట్లో నాలుక కూడా ఉంది. అతను కమిటీలో మాట పెట్టాడు. ఈసారి బావ పాట మధ్యలో ఆగితే, వచ్చే ఏటి నుంచి దేవుడు లారీ ఎక్కాలి. కమిటీ తల ఊపింది. ఊపక తప్పక గవరయ్యా ఊపాడు. ఆ పూట నుంచి ఆయనకి అన్నం సయించలేదు.

పాట కోసం పాట్లు మొదలయ్యాయి. పక్కింటి జీవానందం టికియాపారా రైల్వే షెడ్డులో కరెంటు పనివాడు, ఆదివారాలు చర్చిలో మైకు చూసేవాడు. వ్యాను కింద దూరి బయటికొచ్చి, బ్యాటరీ ముసలిదైపోయింది, ముందు దాన్ని మార్చు, ఆ తర్వాత బాడీకి వెళ్ళే తీగని గట్టిగా బిగించు అన్నాడు. ఈ సలహాలో మెరుపు లేదు. మెరుపు చాందినీ మార్కెట్లో దొరికింది. అక్కడి దుకాణందారు మరచెంబంత వెండిరంగు డబ్బా చూపించాడు. తగిలించగానే దాని నెత్తిమీద నీలం అంకెలు వెలుగుతాయి, బండిలో ఎన్ని వోల్టులున్నాయో చెబుతాయి. దాదా, ఇది పక్కనుంటే ఎంత డప్పు మోగినా దీపం రెప్ప వాల్చదు అన్నాడు. అంకెలున్న వస్తువు అబద్ధమాడదని గవరయ్య నమ్మకం. ఆయన గుమ్మంలో ఉన్న గోడ గడియారం ఆగిపోయి చాలా కాలమైంది, అయినా నమ్మకం.

డబ్బా మీద దాని కొలత ఒక ఫేరడ్ అని రాసి ఉంది. జీవానందం కళ్ళజోడు సర్దుకుని దాన్ని ఒక ఫ్రాడ్ అని చదివాడు.

"అది బలం పుట్టించదు గవరయ్యా," అన్నాడు. "కాస్త దాచుకుని, దెబ్బ పడ్డ క్షణానికి అందిస్తుంది. తర్వాత మళ్ళీ ఆ బ్యాటరీ దగ్గరే తాగాలి. బ్యాటరీ పుష్టిగా ఉంటే ఏదో కొంచెం సాయం. నీ బ్యాటరీకైతే తాగే నోరు ఇంకొకటి పెరిగినట్టే."

సన్యాసమ్మ అప్పుడే వీధి కుళాయి దగ్గర ఖాళీ బిందె పెట్టుకుని, రాని నీళ్ళ కోసం కూర్చుని ఉంది. "కుళాయిల నీల్లే లేనప్పుడు కొత్త బకెట్టు కొంతే ఏటి లాబం?" అంది.

"ఒలే, నీకేటి తెల్దు. ఇది బకెట్టు కాదు. పేరులోనే కెపాసిటీ ఉన్నాది సూడు."

పూజనాడు ఆ డబ్బా బిగించడానికి గవరయ్యకి పొద్దు పొడిచేదాకానే గడువు. ఆ రోజు డాకు వాడల్లో ఎవరూ పనిముట్టు పట్టరు. స్పానర్లూ సుత్తులూ కడిగి, పసుపు కుంకుమ పెట్టి దేవుడి పాదాల దగ్గర ఉంచుతారు. మళ్ళీ ముట్టడం మర్నాడే. డబ్బాని కరెంటుతో మెల్లగా నింపడానికి దుకాణందారు ఇచ్చిన చిన్న ముక్కని గవరయ్య అనవసరమని పారేసి, తీగని నేరుగా తగిలించాడు. టప్‌మని నిప్పురవ్వ లేచింది. మీసం చివర కమురు వాసన వేసింది. ఎంత బలముందో చూశారా అన్నట్టు గవరయ్య చుట్టూ చూశాడు. నీలం అంకెలు పన్నెండుకి పైనే వెలిగాయి. ఆఖరి మర బిగిసిందో లేదో, సన్యాసమ్మ ఆయన చేతిలోంచి స్పానరు లాక్కుని పసుపు నీళ్ళలో ముంచేసింది.

మెటియాబ్రుజ్‌లో విగ్రహం ఎక్కింది. ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ, నాలుగు చేతులు, ఒక చేతిలో సుత్తి. ఆ రోజు ఊళ్ళో సుత్తి పట్టే హక్కు ఆయన ఒక్కడికే. బొట్లు పెట్టిన పనిముట్ల బుట్టని ఆయన పాదాల దగ్గర పెట్టారు. దాని పక్కనే, అందరికీ కనబడేలా, బంతిపూల దండ వేసిన కెపాసిటరు. వెనక తలుపు బార్లా తెరిచి గవరయ్య పాట పెట్టాడు. పైన ఆ పూజనాడు ఎగరేసే గాలిపటాలు, కింద తెలుగు పాట, వెనక సగం వాడ. డప్పు దెబ్బ పడింది. హెడ్‌లైటు రెప్ప వాల్చలేదు. గవరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన సుఖపడింది అక్కడి నుంచి రెండో మలుపు దాకా.

వ్యాను నడక మనిషి నడకకి దిగింది. ఇంజను నిద్రలో గొణుగుతున్నట్టు తిరుగుతోంది, బాక్సులు మాత్రం కరెంటు గటగటా తాగుతున్నాయి. నీలం అంకెలు జారడం మొదలుపెట్టాయి. వెనకే నడుస్తున్న సుందర్‌కి ఆనందం ఆగలేదు. ఒక్కటీ వదలకుండా వాటిని పైకి చదవసాగాడు. వాడలో తెలుగు రానివాళ్ళకీ అందాలని హిందీలో, పన్నెండు నుంచి పావు పావు దించుతూ చదివాడు.

"బారా... పౌనే బారా... సాఢే గ్యారా, బావా. సవా గ్యారా."

సరిగ్గా అప్పుడు డాకు గేటు ముందు ఓ ట్రైలరు వెనక్కి తిరుగుతూ దారి మూసింది. వ్యాను ఆగింది. గేటు దగ్గర గార్డు దేవుడికి దణ్ణం పెట్టబోయి సగంలో చేతులు ఆపాడు. ఆయనకి కనిపించింది ఇది: వెండిరంగు డబ్బా, దాంట్లోంచి ఎర్ర తీగ, నల్ల తీగ, నెత్తిన తగ్గిపోతున్న అంకెలు, పక్కనే ఆ అంకెల్ని అరిచి చెబుతున్న మనిషి.

ఈల మోగింది. బాంబు అన్న మాట ఎవరు ముందు అన్నారో తెలియదు గాని, ముందు పరిగెత్తింది సుందర్. ఆ వెనక కమిటీ, ఆ వెనక డప్పులు, చెప్పులు వదిలేసి సగం వాడ. రోడ్డు మీద దేవుడూ ఏనుగూ గవరయ్యా మిగిలారు. ఆయనకీ పరిగెత్తాలనే ఉంది. కాని సారథి దేవుణ్ణి వదిలి పారిపోతే వచ్చే ఏటి సంగతి కమిటీ చర్చించాల్సిన పని కూడా ఉండదు.

గార్డు స్తంభం వెనక నుంచి ఇంజను ఆపమన్నాడు. గవరయ్య ఆపాడు. అంకెలు ఇంకాస్త చురుగ్గా జారాయి.

"దాదా, ఎటా కీ?" అని అడిగాడు గార్డు, అదేమిటని.

గవరయ్య తనకొచ్చిన బెంగాలీ, హిందీ, దుకాణందారు దగ్గర విన్న శాస్త్రం, అన్నీ కలిపి వివరించాడు. ఇది లోపల బలం దాచుకుంటుంది, డప్పు మోగగానే ఆ బలమంతా ఒక్కసారిగా బయటికి వదిలేస్తుంది అన్నాడు. గార్డు ఇంకా వెనకున్న మరో స్తంభానికి మారాడు. డప్పు వాయించేవాడు డప్పుని కాలవలో పడేశాడు.

దాన్ని పీకి అవతల పెట్టమన్నాడు గార్డు. పీకాలంటే స్పానరు కావాలి. స్పానరు దేవుడి పాదాల దగ్గర, నుదుట బొట్టుతో, ముట్టుకుంటే ఊరుకోనన్నట్టు ఉంది. గవరయ్య చెయ్యి బుట్ట వైపు కదలగానే రోడ్డవతల నుంచి సన్యాసమ్మ గొంతు ఆపేసింది. జీవానందం ఊరేగింపుకి రాలేదు, తన మాట నిజమవుతుందేమో చూడడానికి వచ్చాడు. అతనికి ఈ పట్టింపు లేదు కదా అని గవరయ్య ఆశగా చూశాడు. అతని బాధ ఇంకొకటి.

"మామూలు స్పానరైతే పట్టేవాణ్ణి గవరయ్యా. పూజలో పెట్టింది నేను ముట్టకూడదు. మా ఆవిడ రోజమ్మకి తెలిస్తే ఇంట్లో అన్నం పుట్టదు."

పూజలో పెట్టింది గనుక ఒకరు ముట్టరు, పూజలో పెట్టింది గనుకే ఇంకొకరు ముట్టరు. గవరయ్య గార్డు వైపు చూశాడు. గార్డు నేల చూపులు చూశాడు. పొద్దున్నే సైకిలుకి దండ వేసి, నడిచి డ్యూటీకి వచ్చిన మనిషి.

ఇక మిగిలింది ఒకటే దారి. ఇందులో ప్రమాదమేమీ లేదని జనానికి మైకులో చెప్పు, అప్పుడే కదలనిస్తాను అన్నాడు గార్డు. గవరయ్య మైకు పట్టుకున్నాడు. బలముందంటే బాంబు. లేదంటే పరువు పోయినట్టే. ఎదురుగా కమిటీ మొత్తం గోడ మీద తలలు పెట్టి చూస్తోంది, వరసలో మొదటి తల సుందర్‌ది. ఇంతకాలం తలకెత్తుకున్న డబ్బాని ఇప్పుడు తన నోటితోనే దించాలి. నేల చీలితే బాగుండుననుకున్నాడు. కింద ఉన్నది పోర్టు రోడ్డు, అది గుంతలు పడుతుందిగాని చీలదు.

"ఇది బాంబు కాదర్రా," అన్నాడు. బాక్సులు ఆ మాటని నది దాకా మోసుకెళ్ళాయి, అంకె పదకొండు కిందికి దిగింది. "కెపాసిటరు. ఇది ఏటీ సెయ్యదు." మాట మాటకీ బ్యాటరీ నీరసించి ఆయన గొంతు బాక్సుల్లో బొంగురుపోతోంది. "నాను కొన్నాను. జీవానందం వొద్దన్నాడు. మా ఇంటిది వొద్దన్నాది. ఆకరికి సుందరు సెప్పింది కూడా..."

అక్కడ అంకెలు ఆరిపోయాయి. జనం చెవులు మూసుకుని కూర్చుండిపోయారు. ఏమీ పేలలేదు. మైకు ఓ చిన్న ఎక్కిలి ఎక్కి ఆగింది, అంతే. ఆ వాక్యం పూర్తి చెయ్యమని సుందర్ ఇవాళ్టికీ అడుగుతూనే ఉన్నాడు.

గార్డు దగ్గరికొచ్చి, దేవుడికి బాకీపడిన సగం దణ్ణం పెట్టి దారి ఇచ్చాడు. గవరయ్య తాళం తిప్పాడు. టిక్. మళ్ళీ తిప్పాడు. ఆ టిక్ కూడా లేదు. సీటు ఎత్తి బ్యాటరీ చూద్దామంటే పనిముట్టు పట్టకూడదు, మెకానిక్కుని పిలుద్దామంటే ఈ ఊళ్ళో ఉన్న ప్రతి మెకానిక్కూ తన స్పానర్లకి దండ వేసి కూర్చున్నాడు. గవరయ్య స్టీరింగు మీద తల ఆన్చాడు. మోత కోసం పెట్టిన ఖర్చు, మోతే లేదు. లారీ కళ్ళముందు కదిలింది, దాని మీద ఏనుగు, ఏనుగు మీద దేవుడు, ముందు సీట్లో సుందర్.

సన్యాసమ్మ వచ్చి అద్దం మీద తట్టింది. "ఏడిసింది సాలు. బండి న్యూట్రల్ల ఎయ్యి," అంది. కొంగు బిగించి వెనక చెయ్యి వేసింది. అక్క తోస్తుంటే తమ్ముడు నిలబడి చూడలేడు కదా, సుందర్ భుజం ఆన్చాడు. కమిటీ వచ్చింది. పూజతో సంబంధం లేదు, తోపుడు మాత్రమే అని ప్రకటించి జీవానందం కూడా చెయ్యి వేశాడు. తోసేటప్పుడు నోరు ఊరుకోదు. డాకులో బరువులు లాగేటప్పుడు పాడే పాట ఎవరో ఎత్తుకున్నారు, వాడంతా అందుకుంది. రోడ్డు పక్క, ఈ పూజ పట్టింపు లేని దర్జీలు మిషన్లు ఆపి బయటికొచ్చారు. మేడల మీద గాలిపటాల వాళ్ళు దారం వదిలేసి చూశారు. షెడ్డు దాకా ఆ పాట ఒక్కసారి బొంగురుపోలేదు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. ఇంత గొప్పగా దేవుడు ఎన్నడూ రాలేదని, ఇకమీదట ఏటా చేతులతో తోసుకుంటూనే తేవాలని తీర్మానించింది. సుందర్ లారీ పేరెత్తాడు. లారీని మెటియాబ్రుజ్ నుంచి ఎవడు తోస్తాడని కమిటీ అడిగింది. కాబట్టి దేవుడు గవరయ్య వ్యానులోనే వస్తాడు. షరతు ఒక్కటే, గవరయ్య ఇంజనూ పాటా ముట్టుకోకూడదు.

పరువు దక్కింది, పని పోయింది. సంతోషించాలో ఏడవాలో తేలక గవరయ్య దేవుడి ముందు కూర్చున్నాడు. సన్యాసమ్మ పనిముట్ల వరసకి చివర కెపాసిటరుని కూడా పెట్టి కుంకుమ అద్దింది.

పూజనాడు ఏ పనిముట్టూ పని చెయ్యకూడదు; ఆ వరసలో, కొన్న రోజు నుంచీ ఆ నియమాన్ని పాటిస్తున్నది అదొక్కటే.