ఉడికిన గుడ్లూ, బ్యాండు మేష్టారి కోటూ

ఆ పొద్దున ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు తెరవాలి. టీ పెట్టుకోవాలి. భర్తను కిటికీ దగ్గర నిలబెట్టి, ఆయన ఒంటిమీద బ్యాండు మేష్టారి కోటు వేసి, భుజాలు సరిచూసుకోవాలి. వీటిలో కొట్టూ, టీ మాత్రమే అనుకున్నట్టు జరిగాయి.

ఊళ్ళో అందరూ ఆవిడను జిప్పులమ్మ అంటారు. ఊడిన జిప్పులు మార్చడం, పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, ఎవరో కుట్టి చెడగొట్టినదానికి వైద్యం చేసి పంపడం, ఇన్నేళ్ళూ ఇదే పని. తన చేత్తో గుడ్డ కత్తిరించి మొదటినుంచీ చివరిదాకా కుట్టిన కోటు ఒక్కటీ లేదు. ఎవరైనా తనను టైలరమ్మా అని పిలవాలని ఆవిడకు ఎంత కోరికో భర్త ఒక్కడికే తెలుసు. మనం మటుకు టైలరమ్మ అనే అందాం, మన సొమ్మేం పోయింది!

ఇన్నాళ్ళకు అవకాశం వచ్చింది. టౌను హాల్లో పెద్ద కచేరీ. బ్యాండు మేష్టారు వాయించేవాళ్ళ వైపు తిరిగి చేతులూపుతారు కదా, అంటే సాయంత్రమంతా ఊరు చూసేది ఆయన వీపునే. ఆ వీపు మీదికి కోటు కుట్టే పని ఆవిడకు దక్కింది. కుదిరిందా, టైలరమ్మ. కుదరలేదా, ఇక కడదాకా జిప్పులమ్మే.

చిక్కల్లా మేష్టారికి కితకితలు. టేపు చంక దరిదాపులకు రాకముందే మెలికలు తిరిగిపోతారు. ఓసారి వానలో తడిసి కొట్లోకి వచ్చి, ఆవిడ భర్త కోటు తగిలించుకుంటే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. "ఇంకేం మేష్టారూ, మా ఆయన ఒళ్ళే మీ ఒళ్ళు. కచేరీ రోజు వచ్చి వేసుకోండి, చాలు" అందావిడ. బతికిపోయానన్నట్టు నవ్వి వెళ్ళారు మేష్టారు. అలా ఆ కొట్లోనే ఇస్త్రీ చేసుకునే భర్త, కోటుకు కొలత అయ్యాడు. మనిషే ఎదురుగా ఉండగా కొలతలు ఎక్కడ రాసుకుంటుంది?

ఇస్త్రీ ఆయన కొంచెం కలల మనిషి. రోజంతా ఆవిరి పొగలో నిలబడేవాడికి కలలు రాక ఇంకేం వస్తాయి? ఆ పొద్దున కిటికీ దగ్గర కోటు తొడుక్కుని నిలబడితే, అద్దంలో తన పొట్ట తనకంటే ముందు నిలబడి కనిపించింది. "ఏమోయ్, నేను మరీ లావెక్కానా?" అన్నాడు మెల్లగా.

టైలరమ్మ నోటినిండా గుండుసూదులు. కళ్ళు భుజం కుట్టు మీద. "ఊఁ" అంది. ఎవరేమడిగినా, సూదులున్నంతసేపూ ఆవిడ అనేది ఆ ఒక్క ముక్కే. ఆయనకు మాత్రం అది గుండెలో గుచ్చుకుంది. పాపం, ఇంతకాలం ఈ పొట్టను చూస్తూ కూడా నోరెత్తి ఒక్క మాటనలేదే అనుకుని, భార్య మీద ప్రేమ పొంగుకొచ్చింది. కచేరీ నాటికి సన్నగా, నాజూగ్గా ఆవిడ పక్కన నిలబడి ఆశ్చర్యపరచాలని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు. ఆ ఆశ్చర్యం ఏ స్థాయిలో ఉండబోతోందో ఆయనకేం తెలుసు!

మంగలి షాపులో పాత పత్రికలో చదివిన ఉపాయం ఒకటి గుర్తొచ్చింది. పూటకో రుచి చూపిస్తుంటే నాలుక ఎగిరెగిరి పడుతుందట. రోజూ అదే తిండి పెడితే విసుగెత్తి, ఇక చాలు మహాప్రభో అని తనే ఊరుకుంటుందట. అంతే, మధ్యాహ్నం ఉడికిన గుడ్లు, కీరదోసకాయ ముక్కలు. మర్నాడు ఉడికిన గుడ్లు, కీరదోసకాయ ముక్కలు. ఆ మర్నాడేమిటని అడగకండి. గుడ్లు టీ కెటిల్‌లోనే ఉడికేవి. టీ ఎందుకో అదోలా ఉంటోందని టైలరమ్మ పొడి మార్చి చూసింది కూడా.

కొట్టు ఖాళీగా వదలకూడదని వాళ్ళిద్దరూ వంతులవారీగా తింటారు కాబట్టి ఆయన గుట్టు దాగింది. ఆవిడ కట్టిచ్చిన డబ్బా, వెన్న రాసిన రొట్టెలూ బంగాళాదుంపల కూరా సహా, పక్క కొట్లో తాళంచెవులు చేసే ఆయనకు చేరేది. "బావగారూ, చెల్లెమ్మ చేతిలో అమృతముందండీ" అంటూ తాళాలాయన డబ్బా అడుగు దాకా తుడిచిపెట్టేవాడు. రాత్రిపూట "మధ్యాహ్నం ఎక్కువైందోయ్, కాస్త పెరుగు చాలు" అంటే, కుట్టి కుట్టి కళ్ళు మూతలు పడుతున్న ఆవిడ సరేననేది.

అలా తినగా తినగా రోజులకు అంచులు చెరిగిపోయాయి. సోమవారానికీ గురువారానికీ తేడా తెలియడం మానేసింది. ఒకటే మధ్యాహ్నం, కిటికీలోంచి అదే ఎండ, అదే తెల్లని గుడ్డు, అదే పచ్చని ముక్క. ఆవిరిలో చొక్కాలు చేతులు చాపుకుని మెల్లగా పైకి లేస్తున్నట్టూ, వాటి వెనకే తన పాదాలు కూడా నేల విడిచినట్టూ ఉండేది ఆయనకు. ఓ రోజు తను కోటు కాజాలోంచి దూరి అవతలికి వెళ్ళినట్టు నిలబడే కలగన్నాడు. ఇస్త్రీ పెట్టె కింద చొక్కా కాలర్ కొద్దిగా మాడింది. హాయిగా ఉంది ఆ బతుకు, ఎవరేమనుకున్నా.

హాయి లేనిది టైలరమ్మకు. కోటు వేసి చూసిన ప్రతిసారీ నడుము దగ్గర వదులు! మొన్ననే కదా సరిగ్గా పట్టించాను అనుకుంటూ విప్పి, బిగించి కుట్టేది. మళ్ళీ వేసి చూస్తే మళ్ళీ వదులు. ఆవిడ కోటునే చూస్తోంది గాని లోపలున్న మనిషిని చూడటం లేదు. రోజూ చూసే మొగుణ్ణి పనిగట్టుకుని ఎవరు చూస్తారు?

"నా చెయ్యి పోయిందండీ" అంది ఒకనాడు, కోటు ఒళ్ళో పెట్టుకుని. "జిప్పులకు అలవాటుపడ్డ చెయ్యి. కోటు ఎత్తుకోకుండా ఉండాల్సింది."

"ఛ, అవేం మాటలు! ఎంత తేలిగ్గా ఉందో తెలుసా ఈ కోటు? వేసుకుంటే మేఘం మీద ఉన్నట్టుంది" అన్నాడాయన, తేలిక కోటుది కాదని తెలియక. ఆవిడ కళ్ళు తుడుచుకుని మిషను ముందుకు వెళ్ళింది. నిజంగా ఏడ్చిందావిడ, ఇందులో నవ్వులాట లేదు.

కచేరీ ముందు రోజు పొద్దున, ఇస్త్రీ ఆయన అత్తగారు కచేరీ చూడ్డానికని పొరుగూరి నుంచి దిగింది. సంచీ కింద పెట్టి, కొట్టంతా కలియజూసి, "అమ్మాయ్, అల్లుడుగారేరీ?" అంది.

"అదేమిటమ్మా, నీ ఎదురుగానే కోటు వేసుకుని నిలబడ్డారుగా!"

అత్తగారు అల్లుణ్ణి పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ చూసింది. "అయ్యయ్యో! ఏం జబ్బండీ? సగానికి సగం తరిగిపోయారు! ఏమే, మొగుడికి తిండి పెడుతున్నావా, గుడ్డముక్కలు పెడుతున్నావా?"

టైలరమ్మ అప్పుడు చూసింది. ముందు మొగుణ్ణి, తరవాత ఆయన ఒంటికి అతుక్కున్న కోటును, మళ్ళీ మొగుణ్ణి. చేతిలోని సూదులు జలజలా నేలరాలాయి.

"ఏమండీ," అంది, "మీరు సన్నబడ్డారా?"

"కనిపెట్టేశావా!" అని మురిసిపోయాడాయన. "రేపు చెబుదామనుకున్నాను. గుడ్లు, దోసకాయ, అంతే! నువ్వే కదోయ్ లావెక్కానన్నావు?"

"నేనెప్పుడన్నానండీ?"

"ఊఁ అన్నావుగా, కిటికీ దగ్గర!"

"నోట్లో సూదులుంటే ఊఁ అనక ఆఁ అంటానా? మింగనా వాటిని? అయ్యో, మీ ఒళ్ళు చూసుకుని కదండీ కుట్టాను! ఆ మేష్టారు ఇందులో ఎలా పడతారు? ఒక్క చెయ్యి పడుతుందేమో!"

ఇస్త్రీ ఆయనకు తేలడం ఆగిపోయింది. పాదాలు నేలకు తగిలాయి. తను ఎంత ప్రేమగా ఎంత పని చేశాడో అప్పటికి తలకెక్కింది. "ఇప్పుడేం చేద్దామోయ్?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

కుట్టు లోపల మిగిలే గుడ్డ కత్తిరించి పారేసే దర్జీలను ఇన్నేళ్ళూ తిట్టుకుంటూ వచ్చిందావిడ. అందుకే తను మాత్రం పీలిక కూడా కత్తిరించలేదు, మొత్తం లోపల మడిచే కుట్టింది. కుట్లు విప్పితే పాత కోటు వస్తుంది. కానీ ఎంతవరకు విప్పాలి? పాత ఒళ్ళేదీ? అత్తగారు సంచీలోంచి వెన్నా అరటిపళ్ళూ తీసి అల్లుడి ముందు పెట్టింది. "తినండి అల్లుడుగారూ, సాయంత్రానికి వస్తుంది ఒళ్ళు." ఆయన పశ్చాత్తాపంతో తిన్నాడు. తిండి లోపలికి వెళ్ళింది గాని ఒళ్ళు బయటికి రాలేదు. తరవాత పొట్ట దగ్గర తలగడ కట్టారు. ఊపిరి పీల్చినప్పుడల్లా అది వీపు వైపు ప్రయాణం చేసింది.

సరిగ్గా అప్పుడే, ఖాళీ డబ్బా తిరిగిద్దామని తాళాలాయన గుమ్మంలోకి వచ్చాడు. వచ్చాడంటే గుమ్మం నిండింది. లోపల చీకటి పడింది.

టైలరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆ భుజాలు, ఆ పొట్ట, ఆ నడుము! తన వంటే, తన డబ్బాలోంచి వెళ్ళి అక్కడ కూర్చున్న మొగుడి పాత ఒళ్ళే! "అన్నయ్యా, కదలకు!" అని కేకేసింది. తాళాలాయన డబ్బా నెత్తిమీద పెట్టుకుని చేతులెత్తేశాడు. "చెల్లెమ్మా, నేనడగలేదు, బావగారే ఇచ్చారు!" అంటూ మొత్తుకుంటున్నా వినకుండా కోటు తొడిగేసింది. పొద్దువాలే వేళకు కోటు మొదటి రోజున ఎలా ఉందో అలా తయారైంది.

మర్నాడు సాయంత్రం హాలు వెనక గదిలో వాళ్ళు కోటు పట్టుకుని నిలబడ్డారు. తలుపు తీసుకుని సన్నపాటి మనిషొకాయన నవ్వుకుంటూ వచ్చాడు.

"మేష్టారు ఎప్పుడొస్తారండీ?" అంది టైలరమ్మ.

"నేనేనమ్మా!" అన్నాడాయన గర్వంగా. "ఊరంతా నా వీపు చూస్తుంది కదా, కాస్త బాగుండొద్దూ? మూడు పూటలా క్యాబేజీ సూపు. ఒక్కరోజు కూడా తప్పలేదు."

ఇస్త్రీ ఆయన గోడకు ఆనుకున్నాడు. నిన్నటి కోటే ఉంటే ఈయనకు అచ్చంగా సరిపోయేది! విప్పేసిన కుట్లన్నీ కళ్ళముందు తిరిగాయి. మేష్టారు కోటు తొడుక్కున్నారు. తొడుక్కున్నాక మేష్టారు కనిపించలేదు. వేళ్ళ చివరలు మాత్రం చేతుల అంచున కాస్త తొంగిచూస్తున్నాయి. టైలరమ్మ సూది తీసి నడుము దగ్గరికి వెళ్ళిందో లేదో, "అమ్మో, వద్దు తల్లీ!" అని మేష్టారు కిలకిలా నవ్వుతూ తెర తోసుకుని వేదిక మీదికి పరుగెత్తారు. చప్పట్లు మోగాయి. టైలరమ్మ మొహం కొంగులో దాచుకుంది. "అయిపోయిందండీ. ఇక జిప్పులే" అంది. భర్త ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అంతకంటే చేయడానికి ఏం మిగిలింది?

మేష్టారు చేతులెత్తారు. ఇదివరకు ఏ కోటు వేసుకున్నా చంకల్లో రాసుకుని కితకితలు పెట్టేది కాబట్టి మోచేతులు పక్కలకు అంటించుకుని, పిట్ట గింజలు ఏరుకున్నట్టు వేళ్ళాడించేవారు. ఈ కోటు ఆయన్ని ఎక్కడా తాకనే లేదు. చేతులు లేచాయి, ఇంకా లేచాయి, తలదాటి రెండువైపులా విచ్చుకున్నాయి. వాయించేవాళ్ళు అదిరిపోయి, ఎన్నడూ లేనంత గుండెలోంచి వాయించారు. పాట ఒకచోట తిరిగితే, ఆ వెనకే నల్లని గుడ్డ అలలా తిరిగేది. పాట ఆగితే కోటు మరికాస్త సేపు పాడి ఆగేది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఇస్త్రీ ఆయనకు మళ్ళీ పాదాలు నేల మీద లేవు, ఈసారి పక్కన ఆవిడవి కూడా లేవు. మొహం మీంచి కొంగు ఎప్పుడు జారిందో ఆవిడకే తెలియదు.

కచేరీ అయ్యాక జనం వెనక గదికి తోసుకొచ్చారు. "ఎవరు కుట్టారండీ ఆ కోటు?" అని ఒకరు, "మాకూ అలాగే కావాలి" అని వాయించేవాళ్ళు. చెమటతో తడిసిన మేష్టారు వాళ్ళందరినీ తప్పించుకుని వచ్చి, ఆవిడ ముందు రెండు చేతులూ జోడించారు. "టైలరమ్మా," అన్నారు, "ఇన్నేళ్ళకు నా చేతులు నాకిచ్చావు తల్లీ." ఆవిడ ఏదో చెప్పబోయింది. నోట్లో ఒక్క సూది లేకపోయినా "ఊఁ" అని మాత్రమే వచ్చింది.

ఆ సంతోషంలో మేష్టారు క్యాబేజీ సూపు మానేసి, ఇష్టమైనవన్నీ కడుపారా తినడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు ఒళ్ళు పూర్తిగా తిరిగొచ్చి, కోటు ఆయనకు ఎక్కడా వంక పెట్టడానికి వీల్లేకుండా సరిపోయింది.

కోటు పాడైపోయిందమ్మా, ఒంటికి తగిలి కితకితలు పెడుతోంది, బాగుచేసి పెట్టమని మర్నాడే తెచ్చి బల్ల మీద పెట్టారు.