ఉడుము పెంచలయ్య విడిపోదామన్నాడు

ఒక పెద్ద అడవిలో ఏడు చిన్న అడవులుండేవి. మొదట్లో వేటికవే ఉండేవి. కొట్టుకుని కొట్టుకుని, ఇక కొట్టుకునే ఓపిక లేక, ఏడడవుల కూటమి అని పేరు పెట్టుకుని ఒక్కటయ్యాయి. అప్పటి నుంచి ఏ అడవి జంతువైనా ఏ మడుగులోనైనా నీళ్లు తాగొచ్చు. ఎందుకొచ్చావని అడిగేవాళ్లు లేరు. కాకపోతే అందరూ సభలో కూర్చుని ఒకరి మాట ఒకరు వినాలి. కొందరికి కొట్టుకోవడం కన్నా ఇదే కష్టంగా ఉండేది.

ఆ ఏడింటిలో ఒకటి రాళ్లగుట్ట. గుట్ట తరఫున సభలో కూర్చునేది ఉడుము పెంచలయ్య.

సభ్యులకు మద్దిచెట్టులో చల్లటి తొర్ర, పొద్దున్నే కంజుపిట్ట గుడ్లు కూటమే ఇస్తుంది. పెంచలయ్య ఆ గుడ్లు తిని, మూతి తుడుచుకుని, తొర్రలోంచి తల బయట పెట్టి, "ఈ కూటమి మన గుట్టను మింగేస్తోంది! విడిపోదాం!" అని అరిచేవాడు. గొంతు ఖంగుమనేది. మంచి తిండి తిన్న గొంతు మరి.

ఒకసారి కూటమి, కుళ్లిన వెలగపండ్లు మడుగులో పారెయ్యొద్దంది. పెంచలయ్య గుట్టకొచ్చి, "మన వెలగపండు ఎంత గుండ్రంగా ఉండాలో కూడా ఇక వాళ్లే చెబుతారంట!" అన్నాడు.

"మన పండు సంగతి వాళ్లకెందుకు?" అని అడవిపంది ఓబులేసు అక్కడికక్కడే నేలంతా కుమ్మేశాడు. ఓబులేసుకి కోపం రావడానికి కారణం అక్కర్లేదు. ఎవరైనా ఇస్తే మాత్రం వద్దనడు.

"వాళ్లు నిజంగా అలా అన్నారా అన్నా?" అని ఉడత రంగమ్మ అడిగింది.

"రేపు అనరని నమ్మకమేంటమ్మా?" అన్నాడు పెంచలయ్య.

రంగమ్మ దగ్గర అలాంటి నమ్మకమేదీ లేదు. తోక ముడుచుకుని చెట్టెక్కేసింది.

నిజానికి పెంచలయ్యకు విడిపోవాలని లేదు. విడిపోతే తొర్ర పోతుంది, గుడ్లు పోతాయి. విడిపోదాం అనడం మాత్రం కావాలి. ఆయన వేరే పనేదీ నేర్చుకోలేదు.

ఒకరోజు సభలో కూటమి పెద్ద, తాబేలు శేషాచలంగారు, మెల్లగా మెడ బయటికి చాపారు. ఆయన మెడ చాపి మాట పూర్తి చేసేలోపు సగం సభ కునుకు తీసి లేస్తుంది.

"పెంచలయ్యగారూ, మీరింత బాధపడుతుంటే మీకు గుడ్లు పంపాలంటే మనసొప్పడం లేదు. మీ గుట్టవాళ్లనే అడిగేద్దాం. ఉంటామంటే సంతోషం. పోతామంటే దారి అదిగో."

పెంచలయ్యకు గుడ్డు గొంతులో అడ్డం పడింది. అందరూ చూస్తున్నారు కాబట్టి, "ఇన్నాళ్లకు న్యాయం జరిగింది!" అని దగ్గుతూ అన్నాడు.

ఇంటికి రాగానే భార్య మునెమ్మ నిలదీసింది. "ఇప్పుడేం చేస్తావయ్యా? గుట్టంతా నీ మాటే నమ్మింది. తొర్ర పోతే ఎక్కడుంటాం?"

"పిచ్చిదానా, మనం ఓడిపోయేలా చూస్తాను కదా. ఓడిపోతే బతికున్నంతకాలం అన్యాయం అని అరవొచ్చు. గెలిస్తే అరవడానికేముంది?"

గుట్టలో ఓటంటే ఏనుగుబండకు ఇటో అటో నిలబడటం. ఏ పక్క గుంపు పెద్దదైతే ఆ పక్క గెలిచినట్టు. మండు వేసవి. పొద్దున పూట బండ నీడ పడమటి పక్క పడుతుంది. తూర్పు పక్క నేల పెనంలా కాలిపోతుంది. మీకే పక్క కావాలని శేషాచలంగారు అడిగితే, పెంచలయ్య రొమ్ము విరుచుకుని, "విడిపోయేవాళ్లం తూర్పున నిలబడతాం. మా గుట్టవాళ్లు ఎండకు భయపడరు!" అన్నాడు. ఓబులేసు కళ్లు చెమర్చాయి.

మునెమ్మకు మాత్రం చాటుగా చెప్పాడు. "ఎండ మనకు పండగే గానీ, దుప్పులూ పందులూ నిలబడతాయా? అందరూ నీడకు చేరతారు చూడు."

ఓటు రోజు పొద్దున్నే జంతువులన్నీ వచ్చి ఎంచక్కా పడమటి నీడలో కూర్చున్నాయి. అవి ఓటెయ్యడానికి కూర్చోలేదు, చల్లగా ఉందని కూర్చున్నాయి. పెంచలయ్య లోలోపల మురిసిపోయాడు. "ఇక కానివ్వండి!" అన్నాడు.

"అలా ఎలా కుదురుతుందండీ?" అన్నారు శేషాచలంగారు. "ఏడడవుల్లో ఎన్ని భాషలున్నాయో అన్నిట్లోనూ ప్రశ్న చదివి వినిపించాలి. కూటమి పద్ధతి."

గోరింక చదవడం మొదలుపెట్టింది. కప్పల భాషలో చదివితే కప్పలన్నీ ఒకేసారి అర్థమైందని అరిచాయి. ఎవరికి అర్థమైందో తెలియక మళ్లీ చదవాల్సొచ్చింది. గుడ్లగూబను లేపి చదివితే, వింటూ వింటూ నిద్రపోయింది. మళ్లీ లేపారు. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. పెంచలయ్య ఒకసారి సూర్యుణ్ణీ, ఒకసారి బండనూ చూశాడు.

"చాలు, అందరికీ అర్థమైంది! ఓటు పెట్టేయండి!"

"ఇంకా ఉడుము భాష ఉందండీ. మా భాషకు అన్యాయం జరుగుతోందని పోయిన సభలో మీరే కదా గొడవ చేశారు. అక్షరం పోకుండా చదివిస్తాను, మీరు నిశ్చింతగా ఉండండి."

ఉడుము భాష అంతా బుసలే. గోరింకకు ఊపిరందక మధ్యమధ్యలో ఆగి ఆగి చదివింది. అది ముగిసేసరికి పొద్దు వాలింది. పడమటి పక్క ఎండ నిప్పులు చెరుగుతోంది. బండ నీడ తూర్పున చాప పరిచినట్టు పరుచుకుంది.

"ఇప్పుడు మీ మీ పక్కలకు వెళ్లండి" అన్నారు శేషాచలంగారు.

గుట్టకు గుట్టే లేచి తూర్పుకు నడిచింది.

"వద్దు! నిదానంగా ఆలోచించండి! కూటమిలో మంచి కూడా ఉంది!" అని పెంచలయ్య అరిచాడు. జయజయధ్వానాల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఓబులేసు ఆయన్ని వీపు మీదెక్కించుకుని గుట్టంతా ఊరేగించాడు. గుట్ట పెద్ద ఇక పెంచలయ్యేనని అందరూ ఒక్క మాటగా తేల్చారు.

ఊరేగింపు దిగి వెళ్లేసరికి మద్దిచెట్టు తొర్రలోంచి మునెమ్మ పక్కగడ్డి బయటికి ఈడ్చుకొస్తోంది. మొగుణ్ణి చూడగానే ఆ గడ్డంతా ఆయన నెత్తిన పెట్టి, తను ముందు నడిచింది.

వారం తిరక్కుండానే గుట్టలో ఊట ఎండిపోయింది. ఏటా ఎండేదే. ఎప్పటిలాగే అందరూ పక్కనున్న కోనడవి మడుగుకు వెళ్లారు. దారికి అడ్డంగా కొండముచ్చు కూర్చుని ఉంది.

"ఎవరు మీరు? ఎందుకొచ్చారు? ఎంతసేపుంటారు?"

"అదేంటి, మేం విడిపోయింది మీతో కదా! నీళ్లతో కాదుగా!" అన్నాడు ఓబులేసు.

"వరసలో నిలబడండి. మా అడవివాళ్లు తాగాక చూద్దాం."

అందరూ ఎండలో వరస కట్టారు. తొర్రా గుడ్లూ పోయిన పెంచలయ్య కూడా అదే వరసలో నాలుక బయట పెట్టుకుని నిలబడ్డాడు.

"గుట్ట పెద్దవు నువ్వే కదన్నా, నీళ్లేవి?" అని రంగమ్మ అడిగింది.

"ఇదంతా ఆ కూటమి చేసిన..."

"మనం కూటమిలో లేం కదన్నా."

వరసంతా మెల్లగా పెంచలయ్య వైపు తిరిగింది. ఓబులేసు ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఓబులేసు మొహంలో మెల్లగా ఒక ఆలోచన వెలిగింది.

"ఒరేయ్, ఈ పెంచలయ్య నుంచి విడిపోదాంరా!"

ఈసారి ప్రశ్న ఏ భాషలోనూ చదవాల్సిన పని లేకపోయింది.

నీతి: బయటికి పోతానని తలుపు బాదేవాడు, గడియ గట్టిగా పడి ఉందో లేదో ముందే చూసుకోవాలి.