ఊరూ పేరూ లేని సీసాకి పదేళ్ల గడువు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒంటారియో రాష్ట్రంలో, రిచ్‌మండ్ హిల్‌లోని ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీరు: బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టుగా చేసే యోగానంద్ గారు, ఆయన భార్య కమలకుమారి గారు, తొమ్మిదో తరగతి చదివే కూతురు వర్ష, యోగానంద్ గారి స్నేహితుడు రంగనాథ్ గారు, బేస్‌మెంట్‌లో నూట పద్నాలుగు బర్గండీ వైన్ సీసాలు, సూట్‌కేసుతో నేను. ఆ ఇంటి మర్యాద ప్రకారమైతే సీసాల పేర్లు ముందు రాయాలి. పెద్దవాళ్లను ముందు రాయాలని మా ఊరి బడిలో నేర్పారు కాబట్టి ఇలా రాశాను.

ఇక అసలు సంగతి. మూత తీయకుండా, రుచి చూడకుండా, ఊరూ పేరూ వంశమూ అడిగి మంచిచెడ్డలు తేల్చేసే విద్య మానవజాతికి దొరికిన గొప్ప వరం! నవ్వకండి. నిరూపిస్తాను.

రుచి చూడటమంటే మాటలా? మూత తీయాలి, నోట్లో పోసుకోవాలి, ఆపైన అభిప్రాయం సొంతంగా పుట్టాలి. ఎంత శ్రమ! పుచ్చకాయను తట్టి చూడటం దేనికి, దాని తాతగారు ఏ తీగకు కాశారో అడిగితే సరిపోదా? డాక్టరు నాడి పట్టుకోవడం దేనికి, రోగి పక్కింటివాళ్లు ఎవరో కనుక్కుంటే చాలదా? మంచుకి పేరుమోసిన విన్నిపెగ్ ఊళ్లో చలి ఎంతుందో థర్మామీటరును అడగడం ఎంత అనాగరికం! విన్నిపెగ్ ఎవరి తాలూకో తెలుసుకుంటే చలి సంగతి దానంతట అదే తెలిసిపోదూ?

నేనెందుకు వెళ్లానో చెప్పలేదు కదూ. ఇది 2023 సెప్టెంబరు మొదటి ఆదివారం. చదువుల కోసం విమానం నిండా మా వయసువాళ్లు ఈ దేశంలో దిగుతుంటే, ఒక్కో బేస్‌మెంట్‌లో తొమ్మిదిమంది వంతులవారీగా నిద్రపోతున్న రోజులు. నేను రోజు అద్దెకి తలదాచుకున్న హాలు ఆ సాయంత్రంలోగా ఖాళీ చేయాలి. మంగళవారం నుంచి క్లాసులు. "గది ఉంది, చూసుకుని నచ్చితే ఇవాళే దిగిపోమ్మా" అని కమలకుమారి గారు ఫోన్లో అన్నారు. అందుకే సూట్‌కేసు.

బేస్‌మెంట్‌లోకి దిగేసరికి టేబుల్ మీద గ్లాసులున్నాయి. బర్గండీ అనేది ఫ్రాన్సులో ఒక ప్రాంతమట. అక్కడ పేరుమోసినవాళ్ల సీసా కొనాలంటే ఈ ఇల్లు మళ్లీ తాకట్టు పెట్టాలట. అందుకని యోగానంద్ గారు ఎవరికీ తెలియని చిన్న రైతుల సీసాలు పోగుచేస్తారు. ఎవరికీ తెలియనివాళ్లు ఎవరో తమకు మాత్రమే తెలియడం ఎంత గొప్ప!

ఆయన ఒక సీసాను పసిబిడ్డలా ఎత్తుకున్నారు.

"రంగా, ఇతన్ని ఇంకా ఎవరూ పట్టించుకోలేదు. తండ్రి కాలంలో ద్రాక్షంతా పెద్ద కంపెనీకి తోలేసేవాళ్లు. కొడుకు సొంత లేబుల్ పెట్టాడు. వీళ్ల పక్క గట్టు ఎవరిదో తెలుసా?"

"ఎవరిది?"

ఆయన ఏదో ఫ్రెంచి పేరు చెప్పారు. రంగనాథ్ గారి కనుబొమలు జుట్టులోకి వెళ్లిపోయాయి. పక్క గట్టువాడి వల్ల ఇంత గౌరవం దక్కుతుందని తెలిస్తే మా నాన్న గట్టు తగాదా ఏనాడో మానేసేవాడు.

"మరి స్టైల్ ఎట్లుంటది?"

"కాడల్తో సహా పులియబెడతాడు. మొదట్లో కొంచెం మొరటు. సిగ్గు కూడా. గ్లాసులో పోసినా మాట్లాడదు. చీకట్లో చల్లగా పదేళ్లు ఉంచావనుకో, అప్పుడు నోరు విప్పుతుంది. చిన్న రైతుల దగ్గర తొందరపడకూడదు రంగా. ఓపిక పట్టాలి."

నాకు ప్రాణం లేచివచ్చింది. సిగ్గు, మొరటుతనం, ఎవరికీ తెలియని ఊరు, బత్తాయి కాయంతా కమీషన్ కొట్టుకు తోలేసే తండ్రి. పాఠకులారా, నాకు ఇంతకన్నా నప్పే ఇల్లు ఒంటారియో మొత్తంలో ఉంటుందా?

అప్పుడు యోగానంద్ గారు నావైపు తిరిగారు.

"ఏ కాలేజీ అమ్మా?"

చెప్పాను.

"అదా! మాల్‌లో పిజ్జా షాపు పైన ఉంటుంది, అదేనా?"

"అవునంకుల్."

"ఇంటర్ ఎక్కడ?"

"మా మండలంలోనే అంకుల్. గవర్నమెంటు కాలేజీ."

"ఇక్కడ నీకు తెలిసినవాళ్లెవరు? ఎవరి తాలూకు నువ్వు?"

"ఎవరూ లేరంకుల్."

"నాన్నగారు?"

"బత్తాయి తోట అంకుల్."

"ఓ... రైతు."

ఇందాక ఫ్రాన్సు రైతును తలుచుకున్నప్పుడు ఆయన గొంతు తడిగా ఉంది. ఇప్పుడు పొడిబారింది. ఒకే మాట, రెండు దేశాల వాతావరణం! ఈ విద్య ఎంత సూక్ష్మమైనదో చూశారా?

"డాడ్, జస్ట్ షో హర్ ద రూమ్!" అంది వర్ష మెట్ల మీంచి.

గది కంటే ముందు సీసా తెరుచుకుంది. యోగానంద్ గారు గ్లాసు తిప్పి, ముక్కు దూర్చి, కళ్లు మూసుకున్నారు.

"ఆహా! నేల! తడి నేల! ఇదే ఇతని స్టైల్. తెలియనివాళ్లు లోపం అనుకుంటారు."

రంగనాథ్ గారు వాసన చూసి, "ఉంది... ఏదో ఉంది" అన్నారు మర్యాదగా.

"నువ్వు తాగే వయసు కాదులే. వాసన చూడమ్మా. ఏం తెలుస్తోంది?" అని ఆయన గ్లాసు నా ముందుకు చాపారు.

బడిలో పదేళ్లూ అటెండెన్సుకి తప్ప నోరు తెరవనిదాన్ని. ఏమన్నా అనాలనిపిస్తే డైరీలో రాసుకుంటాను. కానీ గది కావాలి. అడిగిన పెద్దమనిషికి జవాబు చెప్పకపోతే పొగరనుకుంటారేమో!

"తడిసిన గోనెసంచి అంకుల్. వానకి నాని మూలన పడేస్తే వస్తుందే, ఆ వాసన."

రంగనాథ్ గారు మళ్లీ గ్లాసు ఎత్తి, ఈసారి మర్యాద లేకుండా వాసన చూశారు.

"అరె యోగా, పిల్ల కరెక్టే చెప్తుంది. కార్క్ పాడైంది. వైన్ పోయింది."

గ్లాసు మెల్లగా టేబుల్ మీదకి దిగింది.

యోగానంద్ గారు చాలా పెద్ద మనసున్న మనిషి. "ఒక్కోసారి అలా అవుతుందిలే. ఒక్క సీసాని బట్టి మనిషిని తీసిపారేయకూడదు. ఇంకో చాన్సివ్వాలి" అన్నారు. తర్వాత నాతో, "గది సంగతి... ఏమీ అనుకోకమ్మా. స్టూడెంట్లంటే వంటలు, స్నానాలు, వేడి. ఇక్కడ పదమూడు డిగ్రీలు దాటకూడదు. ఆ గదిలో కూడా సీసాలే పెడదామనుకుంటున్నాం" అన్నారు.

"అదేంటండీ, నేను ఫోన్లో రమ్మని..."

"నువ్వుండు కమలా."

గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మంచం కనబడింది. కమలకుమారి గారు పైకి వెళ్లి డబ్బాలో పులిహోర పెట్టి తెచ్చారు. అది నా చేతికి ఇస్తున్నంతసేపూ డబ్బా మూత వైపే చూశారు.

అయినా నా వాదనలో మార్పు లేదు. సీసా పాడైతే రైతుది తప్పు కాదు. పాడైందని చెప్పిన నోటిదే తప్పు. ఇంత లోతైన న్యాయం మూతలు తీసి చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

పక్క తలుపు దగ్గరి నాలుగు మెట్లూ సూట్‌కేసుతో ఎక్కి, ఎండలో నిలబడి, చెప్పాల్సిన వాక్యాన్ని లోపల రెండుసార్లు అనుకుని వెనక్కి తిరిగాను. యోగానంద్ గారు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు.

"అంకుల్, నాకు పదేళ్లు వద్దు. ఒక్క సెమిస్టరు చాలు. పదమూడు డిగ్రీలైనా పర్లేదు, స్వెట్టరుంది."

"తలుపు తీసి ఉంచకూడదమ్మా, బయట ఎండ చూడు ఎలా ఉందో. పాపం, అస్సలు తట్టుకోలేవు" అని, వెనక్కి తిరిగి సీసాల వైపు చూసుకుంటూ తలుపు వేసేశారాయన.