మహామేధ తాగిన చెరువు

ఒక పెద్ద అడవిలో ఉన్నదంతా ఒకటే చెరువు. అందులో నిదానమ్మ అనే ముసలి తాబేలు కాపురం ఉండేది. సింహం కొలువుకు సలహాలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఏది అడిగినా మూడు రోజులు ఆలోచించి, నాలుగు మాటల్లో తేల్చేది. జీతం, పూటకు రెండు తామరతూళ్లు.

మంత్రి నక్కకు ఇది నామోషీగా తోచింది. ఇంత పెద్ద కొలువుకు ఈ నత్తనడక ఏమిటంది. పదివేల గోరువంకలను తెచ్చి ఒక గుహలో కూర్చోబెట్టి, ఒక్కోదానికి ఒక్కో సంగతి నేర్పించింది. గుహకు మహామేధ అని పేరు పెట్టింది. ప్రశ్న వేస్తే చాలు, అన్నీ ఒక్కసారిగా అరిచి రెప్పపాటులో జవాబు కూర్చేవి.

ఇద్దరికీ పోటీ పెట్టారు. వాన ఎప్పుడని అడిగితే మహామేధ తిథి, గడియలతో సహా చెప్పేసింది. నిదానమ్మ ఇంకా ఆకాశం చూస్తూనే ఉంది. ఆ గడియకు వాన రాలేదు గానీ, అప్పటికే నిదానమ్మను ఇంటికి పంపేశారు.

అంత అరుపుకు గుహ పెనంలా కాలిపోయేది. చల్లార్చడానికి ఏనుగులు ప్రశ్నకు నలభై తొండాల చొప్పున చెరువు నీళ్లు మోసేవి. కొత్త మోజు కదా, కుందేలు తన పెళ్లానికి ఏ దుంప ఇష్టమో కూడా గుహనే అడిగింది. పెళ్లాం పక్కనే నిలబడి ఉంది.

నీళ్లు నిదానమ్మ చిప్ప అంచుకు దిగాయి. ఇంకో మూడు ప్రశ్నలైతే ఆవిడకు ఇల్లు లేదు. మొర పెట్టుకుందామని కొలువుకు బయల్దేరింది.

అక్కడ సింహం అప్పుడే మహామేధను అడుగుతోంది, చెరువెందుకు ఎండుతోందని.

"చాలా చక్కటి ప్రశ్న దొరా," అంది గుహ. ఎండ, గాలి, ఇసుక అంటూ ఏడు కారణాలు చదివింది. ఏడోది, తాబేళ్లు తాగడం. ఇంకా వివరంగా కావాలా అని అడిగింది. కావాలన్నారు దొరవారు. ఏనుగులు మళ్లీ కదిలాయి.

నిదానమ్మ ఈసారి మూడు రోజులు ఆగలేదు. "గుహకు నీళ్లు మోయడం మానండి దొరా. అంతే," అంది.

కొలువు ఇబ్బందిగా కదిలింది. జవాబు బాగానే ఉందట, కానీ మరీ పొట్టిగా ఉందట.

"నువ్వు చెప్పింది తప్పని ఎవరూ అనడం లేదత్తా," అంది నక్క. "ఒక్కసారి మహామేధతో సరిచూపిస్తే నీకే గౌరవం."

"చెరువులో మిగిలింది నలభై తొండాలేనయ్యా."

"సరిగ్గా సరిపోతాయి."

ఏనుగులు చెరువు అడుగు ఊడ్చి తెచ్చాయి. గుహ అరిచింది, కాలింది, చల్లబడింది. తాబేలు చెప్పింది అక్షరాలా నిజమని తేల్చింది.

కొలువంతా చప్పట్లు కొట్టింది. నిదానమ్మకు ఉద్యోగం తిరిగి ఇచ్చారు. ఆవిడ దండం పెట్టి, నీళ్లు వెతుక్కుంటూ కొండ అవతలి దారి పట్టింది. గడియ తిరక్కముందే కొలువంతా దాహంతో పరిగెడుతూ ఆవిడను దాటిపోయింది.

నీతి: బుర్రకు తోచిన దాన్ని వెంటనే నమ్మకండి, చెరువు ఉన్నంతకాలం సరిచూసుకుంటూనే ఉండండి.